వంత పాడినవాళ్ల పేర్లు

మా ఇంట్లో ఒక పొడుగు పుస్తకం ఉంది. కిరాణా కొట్లో ఖాతాలు రాసుకునే ఎర్ర అట్ట పుస్తకం. కోఠిలో కొన్నాను. పాడి వచ్చిన ప్రతిసారీ అందులో ఒక వరస రాస్తాను. తేదీ, పాట మొదటి మాట, శ్రుతి, ఎన్ని గంటలు పట్టింది, నా పక్కన ఎవరెవరు నిలబడ్డారు. ఆఖరి గడికి నేనే ఒక మాట రాసుకున్నాను: ‘పేరు వేశారా?’ ఇరవై ఏళ్ల పుస్తకంలో ఆ గడిలో అడ్డగీతలే ఎక్కువ.

నేను సినిమా పాటలకు ట్రాక్ పాడతాను, కోరస్ పాడతాను. ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే మా ఇల్లు. సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలకు సంగీతం చెబుతాను. స్టూడియో నుంచి ఫోన్ వస్తే వెళతాను. నా గొంతు మీలో చాలామంది వినే ఉంటారు. పెళ్లి బరాత్‌లోనో, ఆర్టీసీ బస్సులోనో, వినాయక మండపం దగ్గరో. అది ఎవరి గొంతో తెలుసుకునే దారి మాత్రం మీకు లేదు. ఆ దారి ఎందుకు లేదో, ఎందుకు ఉండాలో నాకు తెలిసినంత చెబుతాను.

రాత్రికి రమ్మనే ఫోన్

ముందు సంగీత దర్శకుడు బాణీ కడతాడు. తననా అనో, నోటికొచ్చిన మాటలతోనో పాడి ఫోన్‌లో పెట్టుకుంటాడు. దాన్ని డమ్మీ అంటాం. కవి ఆ డమ్మీ విని మాటలు రాస్తాడు. మాటలు వచ్చాక పాట మొత్తం ఒక గొంతులో వినపడాలి. దర్శకుడు వినాలి, నిర్మాత వినాలి, హీరో వినాలి, డాన్స్ మాస్టర్ దాని మీద స్టెప్పులు కట్టుకోవాలి. పెద్ద గాయని ఆ రోజు చెన్నైలోనో ముంబైలోనో ఉంటుంది, లేదంటే అమెరికా కచేరీల్లో ఉంటుంది. షూటింగ్ ఎల్లుండే. అప్పుడు మాకు ఫోన్ వస్తుంది: ‘అక్కా, రాత్రికి ఒక ట్రాక్ ఉంది, రాగలరా?’

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చింది. అంతకు ముందు బస్సులో దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి, మధ్యలో ఇంకో బస్సు మారి జూబ్లీహిల్స్ చేరేసరికి గొంతు నిండా దుమ్ము ఉండేది. ఇప్పుడు ఎర్ర లైను ఎక్కి అమీర్‌పేటలో నీలం లైనుకు మారి చెక్‌పోస్టు దగ్గర దిగుతాను. దారంతా పెదవులు మూసుకుని లోపల్లోపల స్వరాలు నడుపుకుంటూ వెళతాను.

స్టూడియోలో కీబోర్డు మీద వేసిన నాలుగు వాయిద్యాలు, చెవుల్లో టిక్ టిక్‌మనే క్లిక్, చేతిలో ఒక కాగితం. గాజు అద్దం అవతల సౌండ్ ఇంజినీర్. బాణీ రెండుసార్లు వినిపిస్తారు. మూడోసారి పాడాలి. అక్కడక్కడా ఆపి బిట్లు బిట్లుగా మళ్లీ పాడిస్తారు. ‘ఊపిరి వినపడుతోంది, ఇంకోసారి.’ ‘ఆ మాట విరిగింది, ఇంకోసారి.’ పాట పూర్తయ్యేసరికి అర్ధరాత్రి అవుతుంది. వోచరు మీద సంతకం పెట్టి, క్యాబ్ ఎక్కి ఇల్లు చేరతాను.

ఒక్కోసారి ఆ ట్రాక్‌తోనే షూటింగ్ కూడా జరిగిపోతుంది. హీరోయిన్ నా గొంతుకు పెదవులు కలుపుతుంది. నెల తర్వాత పెద్ద గాయని వస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను పాడిన ఒక్కో లైను వింటుంది, తను ఒక్కో లైను పాడుతుంది. ఆమెది అయిపోయాక ఇంజినీర్ నా గొంతు ఉన్న ఛానెల్ మీద మీట నొక్కుతాడు. మ్యూట్. పాటలో నా పని అక్కడికి అయిపోయినట్టు లెక్క.

గొంతు పోయినా నడక ఉంటుంది

ఆ లెక్క తప్పని నేను చెప్పదలచుకున్నాను. గొంతు తీసేయొచ్చు, నడక తీసేయలేరు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాటను విరవకూడదు, చరణం చివర ఎక్కడ జారి పల్లవిని ఎక్కడ అందుకోవాలి, ఇవన్నీ ట్రాక్ పాడేటప్పుడు తేలతాయి. బాణీ సంగీత దర్శకుడిది, మాట కవిది. ఆ బాణీలో ఆ మాట ఇమడటం మొదటిసారి జరిగేది ట్రాక్ పాడేవాళ్ల నోట్లో.

తెలుగులో ఇది ఇంకా పెద్ద పని. మన చ రెండు రకాలు. చాప అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది, చిలుక అన్నప్పుడు అంగిలికి పోతుంది. జ కూడా అంతే, జామపండులో ఒకటి, జింకలో ఇంకొకటి. రాసేటప్పుడు ఒకే అక్షరం. పలికేటప్పుడు తెలుగు పుట్టుక తెలిసిపోతుంది. ళకు ల పలికితే ‘కళ’ కాస్తా ‘కల’ అవుతుంది, అర్థమే మారిపోతుంది. పాటను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడే గాయనికి ఈ తేడాలు కాగితం చెప్పదు. హెడ్‌ఫోన్‌లో ఉన్న గొంతు చెబుతుంది. ఆమె తెలుగు ఎంత బాగా పలికిందో అని మీరు మెచ్చుకునే పాట వెనుక, ఆ పలుకు పలికి చూపించిన మనిషి ఉండే ఉంటుంది.

ఒకసారి ఏం జరిగిందంటే, ఒక చరణం చివర నాకు తెలియకుండానే ఒక చిన్న సంగతి పడింది. బాణీలో అది లేదు. మా నాయనమ్మ నల్లగొండ పల్లెల్లో పెళ్లి పాటలు పాడేటప్పుడు మాట చివర అలా కొంచెం కిందికి వంచి లేపేది. సంగీత దర్శకుడు ‘బాగుంది, ఉంచండి’ అన్నారు. తర్వాత పెద్ద గాయని వచ్చి దాన్ని అచ్చంగా అలాగే పాడారు, నాకంటే నిండుగా పాడారు. ఇప్పుడు టీవీ పోటీల్లో పిల్లలు ఆ పాట పాడినప్పుడు ఆ వంపు దగ్గర జడ్జీలు తల ఊపుతారు. ఆ గాయని గొప్పదనంలో నాకు అనుమానం లేదు. ఆ వంపు మాత్రం మా నాయనమ్మది.

నలుగురే ఒక ఊరు

కోరస్ సంగతి వేరు. అక్కడ గొంతు ఉంటుంది, పేరు ఉండదు. నలుగురం ఒక మైకు చుట్టూ నిలబడి ఒకే లైను ఎనిమిదిసార్లు పాడతాం. ప్రతిసారీ చోటు మారతాం. ఒకసారి మైకుకు దగ్గరగా, ఒకసారి గోడవైపు. ఒకసారి లేత గొంతు పెడతాం, ఒకసారి ముసలామె గొంతు పెడతాం. వాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే ముప్పై రెండు గొంతులు. తెర మీద జాతర జరుగుతుంటే ఊరంతా కలిసి పాడినట్టు ఉంటుంది.

నేను కోరస్ పాడిన మొదటి సినిమాకి మా అమ్మను దిల్‌సుఖ్‌నగర్ వెంకటాద్రికి తీసుకెళ్లాను. జాతర పాట వచ్చినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అంతమంది గొంతుల్లో నన్ను ఎలా గుర్తుపట్టిందో నాకిప్పటికీ తెలియదు. సినిమా అయిపోయి అందరూ లేచిపోయారు. అమ్మ లేవలేదు. చీపుర్లు పట్టుకుని ఊడ్చేవాళ్లు వచ్చారు. టైటిల్స్ పైకి పోతూనే ఉన్నాయి. అమ్మకు చదువు రాదు, నా పేరు ఎలా ఉంటుందో మాత్రం తెలుసు, నా బడి పలక మీద చూసింది. ‘నీ పేరొచ్చిందా బిడ్డా?’ అని అడిగింది. రాలేదమ్మా అన్నాను. ‘ఇంకో సినిమాల వస్తది తీ’ అంది. ఆ వారంలోనే కోఠికి పోయి ఈ ఎర్ర పుస్తకం కొన్నాను.

పాత్ర పేరే పాడినవారి పేరు

మొదట్లో ఈ సమస్యే లేదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించినవాళ్లే పాడారు. నటన ఒకరిది, పాట ఒకరిది అనే ఏర్పాటు తర్వాత వచ్చింది. 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయనిగా ఆమెను చెప్పుకుంటాం. మరుసటి ఏడు ‘తహసీల్దార్’లో ఎం.ఎస్.రామారావు పాడారు. నేపథ్యం అన్న మాటలోనే ఉంది, తెర వెనుక అని.

తెర వెనుక ఉన్నవాళ్ల పేరు బయటికి రావడానికి సినిమా వాళ్లకంటే ముందు వినేవాళ్లే అడిగారు. 1949లో హిందీ ‘మహల్’ వచ్చినప్పుడు అందులోని ప్రసిద్ధమైన పాట రికార్డు మీద గాయని పేరుండే చోట ‘కామిని’ అని ఉంది. కామిని ఆ సినిమాలో పాత్ర పేరు. ఆ పాట రేడియోలో వస్తుంటే పాడింది ఎవరని శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అప్పుడు లతా మంగేష్కర్ పేరు చెప్పారు. అడిగినవాళ్లు లేకపోతే ఆ పేరు ఇంకెన్నాళ్లు ఆగి ఉండేదో!

మన ఘంటసాల మాస్టారు కూడా ‘సీతారామ జననం’లో, 1944లో, చిన్న వేషం వేసి కోరస్‌లో పాడారు. తర్వాత తెలుగు నేల మీద ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. ఆయనకు దారి దొరికింది. ఆ రోజు ఆయన పక్కన నిలబడి అదే కోరస్ పాడిన మిగతావాళ్లు కూడా శ్రుతిలోనే పాడి ఉంటారు. వాళ్ల పేర్లు రాసిపెట్టిన పుస్తకం ఎక్కడైనా ఉంటే చూడాలని నా కోరిక.

నేర్పే గొంతు

మద్రాసు రోజుల్లో పాట ఒకేసారి రికార్డయ్యేది. వాయిద్యాలన్నీ, గాయకులు, కోరస్ అందరూ ఒకే సమయంలో. ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి. అందుకని పాటను ముందుగానే గాయకులకు పూర్తిగా నేర్పాలి. కె.వి.మహదేవన్ గారి దగ్గర ఆ పని పుహళేంది గారు చేసేవారు. అందరూ మహదేవన్ గారిని ‘మామ’ అనేవాళ్లు, పుహళేంది గారిని ‘అప్పు’ అనేవాళ్లు. ఇద్దరి మాతృభాషా తెలుగు కాదు. అయినా కవి రాసిచ్చిన తెలుగు మాటకే బాణీ కట్టడం మామ పద్ధతి.

1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పాటలు మొదట బాలమురళీకృష్ణ గారి చేత పాడించాలని అనుకున్నారు. అవి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారి దగ్గరకు వచ్చాయి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని తాను ఆ పాటలు పాడగలిగింది పుహళేంది నేర్పడం వల్లనేనని బాలు గారు ఎన్నో వేదికల మీద చెప్పారు. ఆ సినిమాకు ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. మీరు వినేది బాలు గారి గొంతు. దాని కింద ఒక నడక ఉంది, అది పుహళేంది గారిది. ఆయన పేరు సహాయకుడిగా టైటిల్స్‌లో ఉండేది, బాలు గారి నోట ఎప్పుడూ ఉండేది. నా వృత్తికి నేను చూసుకునే పెద్ద అద్దం ఇది. నేర్పిన గొంతు పేరు చెబితే పాడిన గొంతుకు ఏమీ తగ్గలేదు.

బాలు గారిదే ఇంకో సంగతి కూడా నాకు ఇష్టం. ఆయన మొదటి పాట 1966 డిసెంబరు 15న రికార్డయింది, ఎస్.పి.కోదండపాణి గారి సంగీతంలో, ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు. అప్పట్లో టేపు ఖరీదైనది, పని అయిపోతే చెరిపి మళ్లీ వాడేవారు. కొత్త కుర్రాడి గొంతు వేరే సంగీత దర్శకులకు వినిపించాలని ఆ టేపు చెరపకుండా ఉంచమని కోదండపాణి గారు స్టూడియోలో చెప్పారట. బాలు గారు తర్వాత చెన్నైలో కట్టుకున్న స్టూడియోకి కోదండపాణి గారి పేరే పెట్టారు. చెరపకుండా ఉంచిన ఒక టేపుకు ఎంత విలువ ఉంటుందో ఆ పేరులో కనిపిస్తుంది నాకు.

డెట్రాయిట్‌లో ముగ్గురు

మన దగ్గరే ఇలా జరుగుతుందని చాలాకాలం అనుకున్నాను. ఒక సౌండ్ ఇంజినీర్ తమ్ముడు నాకు అమెరికా సోల్ పాటలు వినిపించాడు. చర్చిలో పాడే నల్లవాళ్ల భజన గొంతు, ప్రేమ పాటల తాళం కలిసి పుట్టిన సంగీతం అది. 1959లో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ మొదలుపెట్టాడు. అక్కడ ఆండాంటీస్ అని ముగ్గురు ఆడవాళ్లు ఉండేవారు. జాకీ హిక్స్, మార్లీన్ బారో, లూవేన్ డెంప్స్. ఫోర్ టాప్స్ అనే మగవాళ్ల బృందం పాటల వెనుక వినపడే ఆడగొంతులు వీళ్లవి.

సుప్రీమ్స్ అనే పెద్ద బృందం పేరుతో 1968లో ‘లవ్ చైల్డ్’ వచ్చింది. అమెరికా పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. ముందు గొంతు డయానా రాస్‌దే. వెనుక పాడింది మాత్రం బృందంలోని మేరీ విల్సన్, సిండీ బర్డ్‌సాంగ్ కాదు, ఆండాంటీస్. మరుసటి ఏడాది డయానా ఆ బృందంతో విడుదల చేసిన ఆఖరి పాటలోనూ అంతే, వెనుక మాక్సీన్, జూలియా వాటర్స్ అక్కాచెల్లెళ్లు పాడారు. రికార్డు మీద సుప్రీమ్స్ అనే ఉంది. కొన్నవాళ్లు బొమ్మ చూసి కొన్నారు.

అంతకు ముందు 1962లో లాస్ ఏంజెలెస్‌లో ఇంకా పెద్ద మార్పిడి జరిగింది. నిర్మాత ఫిల్ స్పెక్టర్ ‘హి ఈజ్ ఎ రెబెల్’ అనే పాటను డార్లీన్ లవ్ చేత, ఆమె తోటివాళ్లయిన బ్లాసమ్స్ చేత పాడించాడు. రికార్డు మీద ‘క్రిస్టల్స్’ అని వేశాడు. క్రిస్టల్స్ ఆ సమయంలో దేశానికి ఆ చివర ఉన్నారు. తమ పేరుతో మొదటి స్థానానికి వెళ్లిన పాటను వాళ్లు తర్వాత నేర్చుకుని వేదికల మీద పాడాల్సి వచ్చింది. పాడినవాళ్లకు పేరు లేదు, పేరున్నవాళ్లకు పాట లేదు. రెండు వైపులా కష్టమే.

కారణాలు వింటే మన స్టూడియో మాటలే. బృందం ఊళ్లు తిరుగుతూ ఉంటుంది, పాట వెంటనే కావాలి, ఈ అమ్మాయిలు దగ్గర్లో ఉన్నారు, త్వరగా పాడేస్తారు. పైగా బృందం పేరు దుకాణం బోర్డు లాంటిది, దాన్ని మార్చరు. మా ట్రాక్ పాటలకూ వాళ్ల పాటలకూ ఒక తేడా ఉంది. మా గొంతు చెరిపేస్తారు. వాళ్ల గొంతు ఉంచి పైన వేరే పేరు అంటించారు.

డార్లీన్ లవ్ 1980ల మొదట్లో ఇళ్లు శుభ్రం చేసే పని చేశారు. ఒక రోజు ఒకరి ఇంట్లో పని చేస్తుంటే రేడియోలో తాను పాడిన క్రిస్మస్ పాట వచ్చిందట. అక్కడే నిర్ణయించుకుని మళ్లీ పాటకు వచ్చారు. 2011లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేరింది. ఇలా వెనుక పాడినవాళ్ల మీద తీసిన ‘ట్వంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్’ డాక్యుమెంటరీకి 2014లో ఆస్కార్ వచ్చింది. మార్తా వాష్ అనే గాయని ఇంకో అడుగు వేశారు. 1990లో ఆమె గొంతుతో ఒక డాన్స్ పాట దేశమంతా మోగితే, వీడియోలో వేరే అమ్మాయి పెదవులు ఆడించింది. మార్తా కోర్టుకు వెళ్లారు. పాడింది ఎవరో చెప్పక తప్పని పరిస్థితి తెచ్చారు.

వంత అన్న మాట

మనకు కోరస్ కొత్తది కాదు. బతుకమ్మ చుట్టూ ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అందుకునేవాళ్లు లేకపోతే ఆ పాట ముందుకు పోదు, అడుగే పడదు. దసరా ముందు సరూర్‌నగర్ చెరువు గట్టున నిలబడి వింటే ఇది తెలుస్తుంది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతి అందుకుంటారు. షేక్ నాజర్ అంతటి కథకుడికైనా పక్కన గుమ్మెట మీద దెబ్బ, గొంతులో అందుకోలు ఉంటేనే కథ పండేది.

అలాంటి మాటను మనం ఏం చేశాం? ఎవరైనా ఇంకొకరి మాటను సొంత బుద్ధి లేకుండా వల్లిస్తే ‘వంత పాడుతున్నాడు’ అంటాం. పత్రికల్లో రాస్తాం, చట్టసభల్లో తిట్టుకుంటాం. వంత పాడటానికి బుద్ధి అక్కర్లేదని ఈ నానుడి చెబుతుంది. ముందు పాడేవాళ్లు తాళం తప్పితే పట్టుకునేది వంత. ఊపిరి అందకపోతే ఆ ఖాళీ వినపడకుండా నింపేది వంత. నా శిష్యులు ఎవరూ ఈ మాటను తిట్టుగా వాడరు. నేను వాడనివ్వను.

చట్టం తెరిచిన తలుపు, మూసిన తలుపు

పాడేవాళ్లకు మన చట్టంలో హక్కులున్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కులు వచ్చాయి. 2012 సవరణ వాటిని బాగా పెంచింది. 38ఎ సెక్షన్ ప్రకారం మన పాటను వ్యాపారానికి వాడితే రాయల్టీ రావాలి. 38బి ప్రకారం ఇది పాడింది నేనని పేరు అడగొచ్చు, మన పాటను వక్రీకరించి పరువు తీస్తే అడ్డుకోవచ్చు. మరుసటి ఏడే, 2013లో, గాయకుల రాయల్టీల కోసం ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ రిజిస్టరైంది.

ఇంతవరకు తలుపు తెరిచే ఉంది. అదే 2012 సవరణలో ప్రదర్శకుడంటే ఎవరని చెప్పే చోట ఒక మినహాయింపు చేర్చారు. సినిమాలో ఎవరి ప్రదర్శన ఏదో సందర్భవశాత్తూ వచ్చినదో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎవరికి ఎక్కడా పేరు వేయరో, వాళ్లు ప్రదర్శకుల లెక్కలోకి రారు. వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే వాళ్లకు మిగులుతుంది. పేరు అడిగే హక్కు లేదు.

మా వకీలు మేనమామ ఇది చదివి వినిపించినప్పుడు మళ్లీ చదవమన్నాను. ఇన్నాళ్లూ పేరు వేయలేదు కాబట్టి అది ఆనవాయితీ అయింది. ఆనవాయితీ అయింది కాబట్టి ఇకముందూ అడగకూడదు. కోరస్ పాడటం సందర్భవశాత్తూ జరిగేది కాదని నేను గట్టిగా అంటాను. ఫోన్ చేసి పిలిచి, శ్రుతి చూసి, ఎనిమిదిసార్లు పాడించి, వోచరు మీద సంతకం తీసుకున్న పని అది. ఇక ఆనవాయితీ అంటారా, అది మనుషులు పెట్టుకున్నది. రేపు అందరూ పేర్లు వేయడం మొదలుపెడితే అదే ఆనవాయితీ అవుతుంది. చట్టంలో ఒక్క అక్షరం మార్చకుండానే మూసిన తలుపు తెరుచుకుంటుంది.

ఒంటరిగా అడిగితే ఏమీ జరగదని మా పెద్దలకు ముందే తెలుసు. చిత్తూరులో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్ గారు మద్రాసులో సినీ వాద్యకారులను కూడగట్టి సంఘం నిలబెట్టారు. కూలి, పని గంటలు అడగడం నేర్పారు. ఆయనే మద్రాస్ యూత్ కాయిర్ పేరుతో బృందగానానికి ప్రాణం పోశారు. నలుగురి గొంతు విలువ తెలిసిన మనిషి నలుగురి హక్కు అడగడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు.

పేరు వేసినవాళ్లూ ఉన్నారు. ఎ.ఆర్.రెహమాన్ క్యాసెట్ల లోపలి కాగితం మీద వాయించినవాళ్ల పేర్లు, వెనుక పాడినవాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో వరసగా ఉండేవి. ఆ కాగితాలు మేం దాచుకునేవాళ్లం. ఇప్పుడు కొన్ని యూట్యూబ్ పాటల కింద కోరస్ పేర్లు కనిపిస్తున్నాయి. నా పుస్తకం ఆఖరి గడిలో ఈ మధ్య అడ్డగీతల మధ్య కొన్ని టిక్కులు పడ్డాయి. పడిన రోజు అమ్మ గుర్తొస్తుంది.

యంత్రం వచ్చాక

ఇప్పుడు ఈ విషయం తొందరపెట్టేది అయింది. 2024లో వచ్చిన ‘లాల్ సలామ్’ అనే తమిళ సినిమాలో బంబా బాక్యా, షాహుల్ హమీద్ అనే ఇద్దరు కీర్తిశేషుల గొంతులను రెహమాన్ ఏఐతో వినిపించారు. వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు ఇచ్చి చేశామని చెప్పారు. అదే ఏడాది, ఒక తెలుగు సినిమాలో బాలు గారి గొంతును తమ అనుమతి లేకుండా ఇలా వాడారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది.

గొంతు మార్చే యంత్రం సాధారణంగా ఎలా పనిచేస్తుందో చూడండి. ముందు ఒక బతికున్న మనిషి పాట మొత్తం పాడాలి. ఊపిరి, సంగతి, పలుకు అన్నీ ఆ మనిషివే. యంత్రం పైనున్న గొంతు రంగు మాత్రం మారుస్తుంది. నేను పాడతాను, బయటికి ఇంకొకరి గొంతు వస్తుంది. ఇదివరకు పెద్ద గాయని వచ్చి నా ట్రాక్ విని తన ప్రాణం పెట్టి మళ్లీ పాడేది. ఇకముందు నా పాటే ఉంటుంది, ఆమె కూడా ఉండదు. అప్పుడు ఆ పాట ఎవరిది? ఆమెను గానీ, ఆమె కుటుంబాన్ని గానీ అడగాలి, సరే. నన్ను కూడా అడగాలి కదా. కింద నడిచింది నేను.

అందుకే నేను అడిగేది చాలా చిన్న పని. ప్రతి రికార్డింగ్ దగ్గర ఒక పుస్తకం పెట్టండి. ట్రాక్ ఎవరు పాడారు, కోరస్‌లో ఎవరెవరు నిలబడ్డారు, ఏ తేదీన. వోచరు మీద మేం పెట్టే సంతకం ఎలాగూ ఉంటుంది, అదే పేరు పాట వివరాల్లోకి ఎక్కించండి. యాప్‌లో ఒక వరస పెరుగుతుంది, అంతే. వినేవాళ్లు కూడా అడగాలి. 1949లో ఉత్తరాలు రాసి అడిగినవాళ్లు మనలాంటి శ్రోతలే.

ఒక వరస

నా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకతె ఈ ఏడాది మొదటిసారి కోరస్‌కు వెళ్లింది. కొత్తపేటలో ఉంటుంది, డిగ్రీ రెండో సంవత్సరం. మర్నాడు సాయంత్రం వచ్చి ‘టీచర్, ఎనిమిదిసార్లు పాడించారు, ఎనిమిదోసారికి భయం పోయింది’ అంది. ఎర్ర పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఈ రోజు నువ్వు రాయి అన్నాను.

తేదీ రాసింది. శ్రుతి రాసింది. పక్కన నిలబడినవాళ్ల గడి దగ్గర రెండు పేర్లు రాసి ఆగిపోయింది.

‘ఇంకొక పెద్దావిడ ఉన్నారు టీచర్. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నా చెయ్యి నొక్కి చెప్పారు. పేరు అడగలేదు.’

‘కనుక్కో’ అన్నాను.

కోరస్ వాళ్లను పిలిచే కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి నంబరు తీసుకుంది. ఆవిడకు చేసి, నిన్న మీ పక్కన పాడిన అమ్మాయిని, మీ పేరు రాసుకోవాలి అని అడిగింది. అవతలి నుంచి చెప్పిన పేరు రాసుకుంది. తర్వాత ‘ఇంటిపేరు కూడా చెప్తారా ఆంటీ?’ అంది. కాసేపు అవతల ఏమీ వినపడలేదు. తర్వాత ఆవిడ ఒక్కో అక్షరం విడదీసి నెమ్మదిగా చెబుతుంటే, మా అమ్మాయి ఒక్కో అక్షరం నెమ్మదిగా రాసింది.